డొంక సర్కారుదే, దారి మాత్రం మీది

ప్రశ్న: మా పొలాలకు వెళ్లే డొంక, దాని పక్కనే పశువులు మేసే బీడు కలిపి ఒక కంపెనీకి కేటాయించే ప్రతిపాదన ఉందట. సచివాలయం గోడకు నోటీసు అంటించారు. గ్రామసభకు వచ్చి చెప్పుకుంటే చాలని సర్పంచిగారు అంటున్నారు. ఇదే అదనుగా పక్క రైతు డొంకలో సగానికి కంచె వేశాడు. మూడు తరాలుగా నడుస్తున్న దారి ఇది. కానీ అడంగల్లో మా పేరు లేదు. మాకు హక్కేమైనా ఉందా? అసలు భూముల రూల్స్ రాసేటప్పుడే జనాన్ని అడగరా? – ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: హక్కు ఉంది. దానికి అడంగల్లో మీ పేరు ఉండాల్సిన పని లేదు. డొంక ఎవరి పేరునా ఉండదు, ప్రభుత్వ భూమిగానే ఉంటుంది. అందుకే చాలామంది ‘సర్కారు భూమి సర్కారు ఇష్టం’ అనుకుని ఊరుకుంటారు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉంది. దాని రెండో సెక్షన్ ప్రజలు నడిచే రోడ్లు, బాటలు, వాగులు, కాలువలు అన్నీ ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. ఆ వాక్యం అక్కడితో ఆగదు. జనానికి ఉన్న దారి హక్కులకు, పక్క భూముల వాళ్ల సౌకర్య హక్కులకు, ఆచారంగా వస్తున్న హక్కులకు లోబడే ఆ ఆస్తి ప్రభుత్వానిది అని కూడా అదే సెక్షన్ అంటుంది. తెల్లదొరల కాలంలో ఆక్రమణదారులను ఖాళీ చేయించడానికి చేసిన చట్టం ఇది. నూట ఇరవై ఏళ్ల తర్వాత నడిచేవాడికి పనికొచ్చే మాట అందులోనే దొరకడం వింతే. మీ అభ్యంతరంలో మొదటి పేరా దీనిమీదే నిలబడాలి.

ఇక నోటీసు సంగతి. ప్రభుత్వ భూమిని ఎవరికైనా ఇవ్వదలిచినప్పుడు ఊళ్లో వేసే ప్రకటనను రెవెన్యూ వాళ్లు ఏ-1 నోటీసు అంటారు. చాటింపు వేయించాలి, నోటీసు అంటించాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. మామూలుగా ఆ గడువు పదిహేను రోజులు. మీరు ఈ రోజే వెళ్లి గోడ కూడా కనిపించేలా దాన్ని ఫొటో తీసుకోండి. కింద సంతకం ఎవరిది, తేదీ ఏది, అభ్యంతరాలు ఎవరికి ఇమ్మన్నారు అనేవి చూడండి. తేదీ లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం.

ఇక్కడ ఊళ్లలో ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. పది మంది కలిసి ఆటో మాట్లాడుకుని సోమవారం కలెక్టరేటుకు వెళ్లి అర్జీ ఇచ్చి వస్తారు. ఆంధ్రలో పీజీఆర్ఎస్, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ ఇచ్చిన కాగితం ఫిర్యాదుల కట్టలో చేరి, చుట్టూ తిరిగి మళ్లీ మీ తహసీల్దారు దగ్గరికే వస్తుంది. ఈలోగా గడువు దాటిపోతుంది. ‘అభ్యంతరాలేవీ రాలేదు’ అని ఫైలు మీద రాసేస్తారు, కాగితాల ప్రకారం అది అబద్ధమూ కాదు. అర్జీ ఇవ్వొద్దని అనను. ముందు మాత్రం నోటీసులో పేర్కొన్న అధికారికే అభ్యంతరం ఇవ్వండి. రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ఆఫీసులో తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టి జవాబు వచ్చాక రాద్దామని కూడా ఆగకండి. ఆ చట్టం జవాబుకు ముప్పై రోజులు ఇస్తుంది, మీ గడువు అందులో సగమే. దరఖాస్తు ఎలాగూ పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. అది రేపు కోర్టులో పనికొస్తుంది. ఇప్పుడు కావాల్సిన కాగితాలు మాత్రం సచివాలయంలోనో మీ సేవలోనో తీసుకోండి.

ఏ కాగితాలంటే, గ్రామ పటం, ఆ సర్వే నంబరు కొలతల పటం (ఎఫ్ఎంబీ), పాత అడంగల్. గ్రామ పటంలో డొంక పొలాలను చీల్చుకుంటూ రెండు గీతల మధ్య సన్నగా పోతుంది. చాలా ఊళ్లలో దానికి సొంత సర్వే నంబరే ఉంటుంది. అడంగల్లో ఆ నంబరు ఎదుట ‘డొంక’ అనో ‘బాట పోరంబోకు’ అనో రాసి ఉంటుంది. బీడు ‘మేత పోరంబోకు’గా ఉంటే మీ పని ఇంకా తేలిక. పశువుల మేత భూములు, చెరువు గర్భాలు పట్టాలిచ్చి పంచకూడని జాబితాలో రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉన్నాయి. తెలంగాణ పాఠకులైతే సేత్వార్‌లో, పాత పహాణీలో గైరాన్, బంచరాయి లాంటి మాటల కోసం చూడండి. ఆంధ్రలో రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. పాత పటాన్ని, కొత్త పటాన్ని పక్కపక్కన పెట్టి డొంక వెడల్పు కొలవండి. కొత్త పటంలో ఆ దారి సన్నబడినా, పక్క కమతంలో కలిసిపోయినా ఆ తేడాను రాతపూర్వకంగా చెప్పాలి. మీ కంచె రైతుకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడే బయటపడవచ్చు.

అభ్యంతరం రాయడం కష్టమేమీ కాదు. కానీ మన అర్జీల అలవాటు ఒకటి దాన్ని పాడుచేస్తుంది. ‘తమరు దయతలచి మా పేదలను కాపాడవలెనని’ అంటూ మొదలై అక్కడే అయిపోతుంది. అందులో అధికారి జవాబు చెప్పాల్సిన విషయమే ఉండదు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ నోటీసులోని సర్వే నంబరు ఫలానాలో ఉన్న డొంక ద్వారా ఫలానా నంబర్లలోని మా పొలాలకు వెళ్తున్నాం. ట్రాక్టరు, వరికోత యంత్రం వెళ్లడానికి వేరే దారి లేదు. రికార్డుల్లో ఇది డొంకగా ఉంది, నకలు జతచేశాం. ఊళ్లో ఇన్ని పశువులు ఈ బీడు మీద ఆధారపడ్డాయి. వర్గీకరణ మార్చకుండా, పంచాయతీ తీర్మానం లేకుండా కేటాయించడానికి అభ్యంతరం చెబుతున్నాం. స్వయంగా విచారణకు పిలవండి. కేటాయించక తప్పదనుకుంటే ఇదే వెడల్పుతో ప్రత్యామ్నాయ దారి ముందు చూపి, రికార్డులో ఎక్కించిన తర్వాతే చేయండి.’ చివరి వాక్యం రాస్తే మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని కొందరు లాయర్లు అంటారు. నేను అలా అనుకోను. వర్గీకరణ మార్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని ఆపలేని రోజున మీకు మిగిలేది ఆ ప్రత్యామ్నాయ దారే. అందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం కన్నా, ఎవరి పొలం నంబరుతో వాళ్లు వేరువేరుగా ఇవ్వడం మంచిది. ఒక కాగితాన్ని ఒక వాక్యంతో కొట్టేయవచ్చు, నలభైకి నలభై జవాబులు రాయాలి.

సర్పంచిగారు చెప్పినట్టు గ్రామసభకు తప్పకుండా వెళ్లండి, కానీ అక్కడ నోటితో చెప్పింది మినిట్స్ పుస్తకంలో పడితేనే లెక్క. సభ మొదలవగానే ఒక పుస్తకం తిప్పుతారు, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేస్తారు. అది హాజరు కోసమే. పైన ఖాళీ వదిలిన చోట తర్వాత తీర్మానం చేరితే ఆ సంతకాలన్నీ ఆమోదం కింద మారిపోతాయి. అందుకే పైన ఏముందో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే సంతకం పక్కనే ‘అభ్యంతరంతో’ అని ఒక్క మాట రాయండి. ఆ పేజీ ఫొటో అడగడానికి మొహమాటపడకండి.

ఆ కంపెనీ సిమెంటు ఫ్యాక్టరీయో, థర్మల్ కేంద్రమో, పెద్ద గనో అయితే ఇంకో తలుపు ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం ముప్పై రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. సభంతా వీడియో తీయాలి. మదింపు నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, చివర్లో సభ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. రాలేనివాళ్లు రాసి పంపవచ్చు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి, ఆ సభకు కోరం లేదు. పది మంది వచ్చినా సభ జరిగినట్టే. కోపంతో ఊరంతా బహిష్కరిస్తే, టెంటు కింద కంపెనీ మనుషులు నలుగురే కూర్చున్నా ‘వ్యతిరేకత లేదు’ అన్న నివేదిక పోవచ్చు. బహిష్కరణకు రాజకీయంగా విలువ ఉంటే ఉండొచ్చు. లాయరుగా నా సలహా మాత్రం లోపలికి వెళ్లి, మైకు అడిగి, రాతప్రతి చేతికిచ్చి, తర్వాత కావాలంటే నినాదాలు చేస్తూ బయటికి రమ్మనే.

‘నియమగిరిలో గ్రామసభలే ఆపేశాయి కదా’ అని ఎవరో ఒకరు అంటారు. నిజమే. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కడి కొండను తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు బాక్సైటు తవ్వకాన్ని ఒక్కటీ తప్పకుండా తిరస్కరించాయి. ఆ బలం అటవీ హక్కుల చట్టం నుంచి, ఆ కొండను దేవుడిగా కొలిచే గిరిజనుల సామూహిక హక్కుల నుంచి వచ్చింది. మన్యంలో ఉన్న పాఠకులకు అది నేరుగా వర్తిస్తుంది. పల్నాడు మైదానంలోని గ్రామసభకు అలాంటి వీటో లేదు. మీరు బలంగా వాదించగలరు, రికార్డు సృష్టించగలరు, అంతవరకే.

ఇక రూల్స్ రాసేటప్పుడే అడగరా అన్న ప్రశ్న. కొన్నిటికి అడగాల్సిందే. మూల చట్టంలో ‘ముందుగా ప్రచురించి’ అన్న షరతు ఉంటే, జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ముసాయిదా ప్రచురించాలి, ఏ తేదీ తర్వాత పరిశీలిస్తారో చెప్పాలి, వచ్చిన అభ్యంతరాలను చూడాలి. ఆ షరతు లేనిచోట మిగిలేది 2014లో కేంద్రం పెట్టుకున్న విధానం. ముసాయిదా చట్టాలను ముప్పై రోజులు జనం ముందు ఉంచాలన్నది దాని సారం, కానీ కోర్టులో పట్టుబట్టి అమలు చేయించేంత బలం దానికి లేదు. మన దగ్గర రెండు రకాలూ చూశాం. తెలంగాణలో భూ భారతి ముసాయిదాను 2024 ఆగస్టులో జనం ముందు పెట్టి సలహాలు అడిగారు, చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఆంధ్రలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023లో అమల్లోకి వచ్చాక గానీ సామాన్యుడి చెవిన పడలేదు. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద మాటయింది, 2024లో రద్దయింది.

భాష సంగతీ చెప్పాలి. 2020 మార్చిలో, సరిగ్గా లాక్‌డౌన్ రోజుల్లో, పైన చెప్పిన పర్యావరణ నోటిఫికేషన్ స్థానంలో కొత్త ముసాయిదా వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణకు ఇచ్చే ముప్పై రోజుల వ్యవధిని అది ఇరవైకి కుదించింది. ముసాయిదా ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న జోక్యం చేసుకుని, అభ్యంతరాల గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించమంది. లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. ఆ ముసాయిదా తుదిరూపం దాల్చనే లేదు. మీ ఊరి నోటీసుతో ఇంగ్లిషు కాగితాలు మాత్రమే జతచేసి ఉంటే ‘తెలుగు ప్రతి ఇచ్చి, అప్పటినుంచి గడువు లెక్కపెట్టండి’ అని అడగడానికి వెనకాడకండి.

పటాలు తెచ్చాక, డొంక అనుకున్నది నిజానికి పక్కవాళ్ల పట్టాలోంచి పోయే దారి అని తేలితే దావా దారి మారుతుంది. ఇరవై ఏళ్లు ఎవరినీ అడగకుండా, బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారికి చట్టం రక్షణ ఇస్తుంది. ప్రభుత్వ భూమి మీదుగా అయితే ముప్పై ఏళ్లు. ‘మీ నాన్నను అడిగే నడిచేవాణ్ని’ అని సాక్ష్యం చెబితే కేసు అక్కడే పోతుంది. అనుమతితో నడిచింది హక్కు కాదు. దగ్గరి దారి కాబట్టి కావాలంటేనూ చాలదు.

పక్క రైతు కంచె విషయానికొస్తే, రికార్డులో డొంకగా ఉంటే తహసీల్దారు 1905 చట్టం ఏడో సెక్షన్ కింద నోటీసిచ్చి, ఆరో సెక్షన్ కింద తీయించాలి. పంచాయతీకీ బాధ్యత ఉంది. పంచాయతీ ఆస్తుల రక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే జీవో 188 వచ్చింది. అదే ఏడాది జనవరిలో పంజాబులోని ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసులో సుప్రీంకోర్టు, ఎన్నాళ్లుగా ఉంటున్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టినా గ్రామ ఉమ్మడి భూమి ఆక్రమణ సక్రమం కాదని తేల్చింది. జగ్‌పాల్ సింగ్ కేసు అని రాస్తే ఏ అధికారికైనా అర్థమవుతుంది. ఫిర్యాదు తహసీల్దారుకు, పంచాయతీ కార్యదర్శికి ఇద్దరికీ ఇవ్వండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

అభ్యంతరం చూడకుండానే కేటాయింపు ఉత్తర్వు ఇస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు. అప్పుడు మీ చేతిలోని స్టాంపు వేసిన ప్రతే ముఖ్యం. డొంక ఎంత వెడల్పు, ఎవరు ఎప్పుడు ఆక్రమించారు లాంటి తగువులు మాత్రం హైకోర్టు తేల్చదు, సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. మండల న్యాయ సేవల కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

కంచెను మాత్రం మీరే పీకకండి. రాత్రికి రాత్రి పదిమంది వెళ్లి రాళ్లు పీకితే తెల్లారేసరికి క్రిమినల్ కేసు మీ మీద ఉంటుంది, డొంక సంగతి వెనక్కి పోతుంది. కంచె పక్కన ఆగిపోయిన ట్రాక్టరును ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.