మడత తప్పిన మాంసకృత్తు

నెల్లూరు తీరాన ఇసకపల్లి దగ్గర ఉప్పు మళ్ళను చూశారా? మళ్ళలో పెట్టిన ఉప్పునీరు ఎండకు ఆవిరై చిక్కబడుతుంది. ఒక్క గింజ కట్టిందంటే చాలు, నీటిలో కరిగివున్న ఉప్పు దానిమీద పేరుకుంటూ పోతుంది. మెదడులోనూ ఇలాంటిదే జరగవచ్చునంటే నమ్ముతారా?

మనుమల పేర్లు కూడా మరచిపోయే అవ్వలను మీరు చూసే ఉంటారు. “వయసు మళ్ళింది, అంతే” అంటారు ఇంట్లో. కాని ప్రతిసారీ కారణం వయసే కాదు. 1906లో జర్మన్ వైద్యుడు అల్జైమర్, మతిమరుపుతో బాధపడి చనిపోయిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. ఆమె వయసు 55 ఏళ్ళే! ఆ మెదడులో వింత ముద్దలు, చిక్కుపడిన పోగులు కనిపించాయి. అవి మాంసకృత్తులని తరువాత తేలింది.

మాంసకృత్తు పొడవైన గొలుసు వంటిది. సరిగా మడత పడితేనే అది తన పని చేస్తుంది. మడత తప్పినది, పక్కనున్న మంచిదాన్ని కూడా తనలా మార్చగలదా? మనుషుల మీద ఈ పరీక్ష చేయలేము. అందుకే శాస్త్రజ్ఞులు చిట్టెలుకలను ఎంచుకున్నారు.

గొర్రెలకు స్క్రేపీ అనే మెదడు జబ్బు వస్తుంది. దీనికి కారణం ఒక మాంసకృత్తేనని 1982లో ప్రూసినర్ చెప్పి, దానికి ‘ప్రియాన్’ అని పేరుపెట్టాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1993లో వైస్‌మన్ బృందం, ఆ మాంసకృత్తు అసలే తయారుకాని చిట్టెలుకలకు స్క్రేపీ పదార్థం ఎక్కించింది. వాటికి జబ్బు రాలేదు! ఉప్పులేని నీటిలో గింజ వేస్తే పెరుగుతుందా మరి?

చిట్టెలుకలకు సహజంగా అల్జైమర్ జబ్బు రాదు. అందువల్ల మనిషి జన్యువును వాటిలో చేర్చి పెంచుతారు. 2009లో స్విట్జర్లాండు, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ‘టౌ’ అనే మాంసకృత్తు చిక్కులున్న చిట్టెలుక మెదడు నుంచి సారం తీసి, చిక్కులు లేని చిట్టెలుకల మెదడులో కొద్దిగా ఎక్కించారు. నెలలు గడిచేకొద్దీ ఎక్కించిన చోటే కాక, ఇతర భాగాలలోనూ చిక్కులు పుట్టాయి. టౌను తీసివేసిన సారంతో అలా జరగలేదు.

2012లో అమెరికా శాస్త్రజ్ఞులు పార్కిన్సన్ జబ్బుకు సంబంధించిన మాంసకృత్తు పోగులను ప్రయోగశాలలో తయారుచేసి, మామూలు చిట్టెలుకలకు ఎక్కించారు. ఒక మడి నీరు కాలువ వెంట మరో మడికి పోయినట్లు, ఆ వికారం నాడీ తంతువులతో కలిసివున్న భాగాలకు పాకింది.

అయితే భయపడకండి. అల్జైమర్, పార్కిన్సన్ జబ్బులు తాకితే, కలిసి భోంచేస్తే అంటవు. అవ్వ పక్కన నిశ్చింతగా కూర్చోవచ్చు.

ఇంకొక మాట. చిట్టెలుక మెదడు సుమారు అర గ్రాము. మనది దాదాపు 1,400 గ్రాములు. చిట్టెలుకకు పనిచేసిన మందులు ఎన్నో మనిషికి పనిచేయలేదు. మెదడులో పేరుకున్న అమైలాయిడ్ అనే మాంసకృత్తును తొలగించే లెకానెమాబ్ మందును 2023లో అమెరికా పూర్తిగా ఆమోదించింది. అది జబ్బును కొంత నెమ్మదింపజేస్తుందే గాని నయం చేయదు. చేయవలసిన పని ఇంకా చాలా ఉంది.

మీరూ చేసి చూడండి

పెద్దల సాయంతో వేడినీటిలో పటిక ఇక కరగనంతగా కరిగించి, వడకట్టి, చల్లార్చండి. దారానికి కట్టిన చిన్న పటిక ముక్కను అందులో వేలాడదీయండి. అలాంటిదే మరొకటి మంచినీటి గ్లాసులో వేలాడదీయండి. కొద్ది రోజులు గమనించండి. 1993 నాటి చిట్టెలుకలకు జబ్బు ఎందుకు రాలేదో ఆ రెండు గ్లాసులే మీకు చెబుతాయి.