విశ్వవిద్యాలయ విద్యార్థికి తగిన ల్యాప్‌టాప్

పంట అమ్మిన సొమ్ముతోనో, విద్యాఋణముతోనో బిడ్డకు ల్యాప్‌టాప్ కొను తల్లిదండ్రులు నేడు మన గ్రామములలో అనేకులు కలరు. చదువు ముగియు మూడు నాలుగు సంవత్సరముల వరకు ఆ యంత్రము పనిచేయవలెను. పైమెరుగులు చూచి కొన్నది రెండవ ఏటనే మొరాయించినచో, మరల కొనుటకు అందరికిని శక్తి యుండదు. కావున తక్కువ వెలలో తగిన యంత్రమును ఎంచుకొను పద్ధతిని తెలిసికొందము.

మొదట చదువును చూడవలెను. బి.ఏ., బి.కాం. విద్యార్థులకు వ్యాసములు వ్రాయుట, లెక్కల పట్టికలు వేయుట, పాఠములు వినుట ముఖ్యమైన పనులు. వీటికి సామాన్య యంత్రము చాలును. ఇంజనీరింగులో యంత్రముల, భవనముల నమూనాలు గీయువారికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ భాగము అవసరము కావచ్చును. దాని వెల ఎక్కువ. అట్టివారు కళాశాలలో చేరి, అధ్యాపకుల నడిగి, ఆ పిమ్మట కొనుట మేలు. కళాశాల ప్రయోగశాలలోనే ఆ పని జరుగునట్లయిన ఆ ఖర్చు తప్పును.

తరువాత లోపలి భాగములను చూడవలెను. ర్యామ్ అనునది చదువుకొను బల్ల వంటిది. బల్ల పెద్దదైనకొలది ఎక్కువ పుస్తకములను ఒకేసారి తెరచి యుంచవచ్చును. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11 నడచును గాని, పని మిక్కిలి మందగించును. 8 జీబీ కనీస అవసరమని భావింపవలెను. ఇంజనీరింగు వారికి 16 జీబీ మంచిది. కొన్ని యంత్రములలో ర్యామ్‌ను తరువాత పెంచుటకు వీలుండదు. ఈ సంగతి కొనుటకు ముందే అడుగవలెను.

స్టోరేజి పుస్తకముల బీరువా వంటిది. పాత హార్డ్ డిస్కులో పళ్ళెము తిరుగుచుండును. ఎస్‌ఎస్‌డిలో తిరుగు భాగములు లేవు. కనుక అది వేగముగా పనిచేయును, బస్సు కుదుపులకు ఓర్చుకొనును. 256 జీబీ ఎస్‌ఎస్‌డితో సరిపెట్టుకొనవచ్చును, 512 జీబీ అయిన నిశ్చింత. మిక్కిలి చౌక యంత్రములలో నుండు 64 జీబీ ఇఎమ్‌ఎమ్‌సి స్టోరేజి త్వరలోనే నిండిపోవును. దానిని కొనరాదు.

ఇతరులు వాడిన యంత్రమును బాగుచేసి అమ్మునప్పుడు మరింత జాగ్రత్త వలయును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. ఇంటెల్ ప్రాసెసర్లలో, స్వల్ప మినహాయింపులతో, ఎనిమిదవ తరమును ఆపై తరములును మాత్రమే విండోస్ 11కు అర్హములు. ఐ5-8250యు అను పేరులో గీత తరువాతి 8 తరమును తెలుపును. ఐ5-4200యు నాలుగవ తరమునకు చెందినది. రెండును ఐ5లే యైనను వాని నడుమ ఎంతో అంతరము కలదు. పాత ఐ5 కంటె క్రొత్త ఐ3 చురుకైనది కావచ్చును. బ్యాటరీ ఎంతసేపు నిలుచునో దుకాణములోనే పరీక్షింపవలెను.

సాఫ్ట్‌వేరుకై అధికముగా వ్యయము చేయనక్కరలేదు. వ్యాసములకు, పట్టికలకు లిబ్రెఆఫీసు ఉచితముగా లభించును. లినక్సు కూడ ఉచితమే. అయితే పాఠ్యక్రమములోని సాఫ్ట్‌వేరు విండోస్‌లో మాత్రమే నడచునేమో ముందుగా కళాశాలలో విచారింపవలెను.

యంత్రము కొన్నప్పుడు జీఎస్టీ బిల్లును తప్పక తీసికొనవలెను. బిల్లుపై గల సీరియల్ సంఖ్యయు, యంత్రముపై గల సంఖ్యయు ఒకటిగా ఉండవలెను. వారంటీ ఎంతకాలమో, మరమ్మతు కేంద్రము ఏ పట్టణములో నున్నదో తెలిసికొనవలెను. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. చదువునకు అవసరమైన కంప్యూటరు ఖర్చును విద్యాఋణములో చేర్చుకొనుటకు వీలున్నది. దరఖాస్తు పెట్టునప్పుడే బ్యాంకులో అడుగుట మంచిది.

పలుచని అంచులు, రంగుల దీపములు చదువునకు తోడ్పడవు. ఆ సొమ్మును ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డికి వెచ్చించిన యంత్రము పట్టా చేతికి వచ్చువరకు తోడుండును. మిగిలినది పుస్తకములకును వసతిగృహ రుసుమునకును ఉపకరించును.