రెండో కాన్పుకు ముందు అడగవలసినవి

స్రవంతీ,

నీ మెసేజ్ చూశాను బిడ్డా. ఐదో నెల నిండుతోందని, ఈసారైనా నార్మల్ కావాలని ఉందని, మీ అత్తగారు మాత్రం ‘ఒకసారి కోసిన పొట్టకు మళ్లీ నొప్పులా’ అని భయపడుతున్నారని రాశావు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, మిగతా సగం అల్లుడికి తప్పుగా చెబుతావు. అందుకే ఉత్తరం. ఇద్దరూ కూర్చుని చదవండి. నేను లేబర్ రూమ్‌లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, డాక్టరును కాను. నిన్ను చూసే డాక్టరమ్మ మాటే ఆఖరు మాట. ఆమెను ఏమేం అడగాలో మాత్రం నేను చెప్పగలను.

సిజేరియన్ తర్వాత నార్మల్ కాన్పు అవుతుందా అంటే, చాలామందికి అవుతుంది. డాక్టర్లు దీన్ని వీబ్యాక్ అంటారు. నీకు అవుతుందా అన్నది రెండు సంగతులు తెలిస్తేగానీ చెప్పలేం. మొదటిసారి లోపల ఎక్కడ కోశారు? నీకు నొప్పులు వచ్చిన రాత్రి ఆ హాస్పిటల్లో ఎవరెవరు ఉంటారు? నీ ధైర్యం, నీ పట్టుదల వీటి తర్వాతే.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టలేదు. ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్న మాట 1916లో న్యూయార్క్ డాక్టరు ఎడ్విన్ క్రేగిన్ అన్నది. అప్పట్లో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవారు. నొప్పులప్పుడు బిగుసుకుని బిడ్డను కిందికి తోసేది ఆ పైభాగమే కాబట్టి అక్కడి కుట్టు మళ్లీ నొప్పులకు తట్టుకోవడం కష్టం. తమాషా ఏమిటంటే, క్రేగిన్ ఆ మాట అన్నది మొదటి కోత పెట్టేముందే డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలని. ఆ సగం అందరూ మరిచిపోయారు. తర్వాత 1920లలో గ్లాస్గోలో మన్రో కెర్ అనే డాక్టరు గర్భసంచి కిందిభాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ భాగం పలుచగా ఉంటుంది, నొప్పుల్లో అంతగా బిగుసుకోదు. ఇప్పుడు మన దగ్గర దాదాపు అన్నీ ఈ రకం ఆపరేషన్లే. నీ డిశ్చార్జి కాగితం మీద ఎల్.ఎస్.సి.ఎస్. అని ఉంటే అర్థం అదే.

పొట్ట మీది మచ్చ అడ్డంగా ఉందని మాత్రం నిశ్చింతగా ఉండకు. పైన చర్మం మీది కోత వేరు, లోపల గర్భసంచి మీది కోత వేరు. ఒక్కోసారి పైన అడ్డంగా కోసినా లోపల నిలువుగా కోయాల్సి వస్తుంది. అందుకని డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు, ఆపరేషన్ నోట్స్ కూడా కావాలి. లోపలి కోత ఏ రకం, ఆపరేషన్ ఎందుకు చేశారు, కోత చీలి పైకో పక్కకో పోయిందా, తర్వాత జ్వరం గానీ చీము గానీ పట్టిందా అన్నవి అందులో చూసుకోవాలి. లోపల నిలువు కోత అని తేలితే ఈ ఆలోచన అక్కడితో మానేసి ఆపరేషన్‌కే సిద్ధపడు.

కాగితంలో అంతా సరిగ్గా ఉంటే నీ కేసు మంచిదే. బాబు ఎదురుకాళ్లతో ఉన్నాడని కదా అప్పుడు కోశారు. ఈ బిడ్డ తల కిందికి ఉంటే ఆ కారణం ఇప్పుడు లేనట్టే. అదే ‘దారి చాలలేదు’ అని రాసి ఉంటే అవకాశం కొంత తగ్గేది, అప్పుడైనా పూర్తిగా మూసుకుపోదు. బాబుకు మూడేళ్లు దాటాయి. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే పాత కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది, నీకు ఆ బెంగ లేదు.

ఇక లెక్కలు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెప్పేదాని ప్రకారం, ఒక సిజేరియన్ తర్వాత నార్మల్‌కు ప్రయత్నించినవాళ్లలో నూటికి 72 నుంచి 75 మందికి అవుతుంది. అంతకుముందు ఒక నార్మల్ కాన్పు కూడా అయి ఉంటే ఆ సంఖ్య 85 నుంచి 90. నీకు అది లేదు కాబట్టి మొదటి లెక్కే నీది. మిగిలిన పాతికమందీ నొప్పులు పడి, చివరికి ఆపరేషన్‌కు వెళతారు. ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్ కంటే అలా మధ్యలో చేసేదానిలో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఎక్కువ. ఈ మాట నీకు ఎవరూ గట్టిగా చెప్పరు, అందుకే చెబుతున్నా. నొప్పుల్లో గర్భసంచి పాత కుట్టు దగ్గర చీలడం సుమారు 200 మందిలో ఒకరికి. చిన్న సంఖ్యే. కానీ ఆ ఒక్కరికీ బిడ్డను నిమిషాల్లో బయటికి తీయాలి.

అందుకే చోటు గురించి ఇంత పట్టుబడుతున్నాను. హాస్పిటల్‌కు వెళ్లినప్పుడు గదులు, ఏసీలు చూడకు. రాత్రి రెండింటికి ఏం జరుగుతుందో అడుగు. డ్యూటీ డాక్టరు బిల్డింగులోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? మత్తు డాక్టరు లోపలే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా, వస్తే ఎంతసేపట్లో? థియేటర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందా? నా గ్రూపు రక్తం అక్కడే దొరుకుతుందా? పిల్లల డాక్టరు ఉంటారా? నొప్పులు వస్తున్నంతసేపూ బిడ్డ గుండె కొట్టుకోవడం మిషన్ మీద చూస్తారా? పోయిన ఏడాది ఇక్కడ ఎంతమంది ప్రయత్నించారు, ఎంతమందికి అయింది? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే హాస్పిటలైతే సగం నమ్మొచ్చు.

మన రాష్ట్రం సంగతి నీకు తెలియంది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు హాస్పిటళ్లలో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5. అన్ని నెలలూ ‘చూద్దాం, చూద్దాం’ అని, 38వ వారంలో ‘ఉమ్మనీరు తగ్గింది, రేపే చేసేద్దాం’ అనే చోట్లు ఉన్నాయి. నిజంగా తగ్గే కేసులూ ఉంటాయనుకో. అలాగని వద్దన్న ప్రతి డాక్టరునూ డబ్బు మనిషి అనుకోకు. రాత్రి మత్తు డాక్టరు లేని చిన్న నర్సింగ్ హోంలో ‘నా దగ్గర వద్దమ్మా, పెద్ద హాస్పిటల్‌కు వెళ్లు’ అన్న డాక్టరమ్మ నీకు మేలు చేసినట్టే. ఏ ఏర్పాటూ లేకుండా ‘ఏం ఫరవాలేదు, చేసేద్దాం’ అనేవాళ్లంటేనే నాకు భయం. ప్రభుత్వ ఆసుపత్రి అనగానే మొహం చిట్లించకు. మీ కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే 2017లో స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టారు. అక్కడికీ వెళ్లి ఇవే ప్రశ్నలు అడుగు.

టిఫా స్కాన్ రిపోర్టులో మాయ ఎక్కడుందో చూడమని డాక్టరమ్మను అడుగు. మాయ కిందికి, పాత కుట్టు మీదికి వచ్చి ఉంటే అది వేరే కథ. కుట్టులోకి పాతుకుపోతే కాన్పులో రక్తం ఆపడం కష్టమవుతుంది. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ ప్రమాదమూ పెరుగుతుంది. మూడో బిడ్డ ఆలోచన మీకు ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే ఆమెకు చెప్పండి, నిర్ణయంలో అది చాలా బరువైన సంగతి.

నెలలు నిండాక నొప్పులు వాటంతటవి రావడం నీకు అన్నిటికంటే మేలు. ఆముదం తాగించే పెద్దవాళ్లుంటారు, మర్యాదగా వద్దను. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల మాత్రలు, ఇంజెక్షన్లు అసలే వద్దు. మందులిచ్చి నొప్పులు తెప్పిస్తే కుట్టు విడిపోయే ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. నెలలు నిండాక నొప్పుల కోసం ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్ర పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు పనికిరాదు. హాస్పిటల్లో సెలైన్‌లో నొప్పుల మందు కలపాలంటే ఎందుకో అల్లుణ్ని అడగమను. 41 వారాలైనా నొప్పులు రాకపోతే ఏం చేస్తారో, ఆపరేషన్‌కు పెట్టిన తేదీకి ముందే నొప్పులొస్తే ఏం చేస్తారో 36వ వారానికల్లా మాట్లాడుకుని ఫైలులో రాయించుకో.

నొప్పులు మొదలైతే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకు, వెంటనే బయలుదేరు. నడుముకు మిషన్ బెల్టు కడితే విసుక్కోకు. కుట్టు విడిపోతున్నప్పుడు ఎక్కువగా ముందు తెలిసేది బిడ్డ గుండె వేగం తగ్గడంతోనే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని పోటు, పాత కుట్టు దగ్గర మంట, రక్తం పోవడం, బాగా వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే చెప్పు. నొప్పి తెలియకుండా వీపులో ఇచ్చే ఎపిడ్యూరల్ తీసుకోవచ్చు, పాత కుట్టు ఉందని దాన్ని మానక్కర్లేదు.

ఒకవేళ ఆపరేషనే మంచిదని తేలితే ముహూర్తం సంగతి వస్తుంది. పంతులుగారిని 39 వారాలు నిండిన తర్వాతి రోజుల్లోనే చూడమనండి. అంతకంటే ముందు తీస్తే పిల్లలు ఊపిరికి ఇబ్బంది పడే ప్రమాదం ఎక్కువ. నొప్పులు పడ్డాక ఆపరేషన్ అయితే, ‘ఇంత పట్టుబట్టి ఏం సాధించావ్’ అని ఎవరైనా అంటే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

ఈ వారంలోనే అల్లుణ్ని పాత హాస్పిటల్‌కు పంపి ఆపరేషన్ నోట్స్ తెప్పించు. లేవంటే అర్జీ రాసి ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని రమ్మను. వచ్చే చెకప్‌కు మీ అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్లు. ఆమె అడగాలనుకున్నవి నీతో కాకుండా డాక్టరమ్మతోనే అడగనివ్వు.

ఇట్లు,
మీ చిన్నమ్మ,
హనుమకొండ