తొందరపడే బుర్రకు కళ్లెం

బాలలూ! ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. కాగితంపై 'ఎరుపు' అనే మాటను నీలం సిరాతో, 'నీలం' అనే మాటను ఆకుపచ్చ సిరాతో, 'ఆకుపచ్చ' అనే మాటను ఎర్ర సిరాతో రాయండి. ఇలా పది మాటలు రాసి, మాటను చదవకుండా సిరా రంగును మాత్రమే గబగబా చెప్పమని మీ స్నేహితుణ్ణి అడగండి. తడబడతాడు! అక్షరాలు కనబడగానే చదివేయడం మనకు అలవాటు. ఆ అలవాటును ఆపడానికి మెదడు శ్రమపడాలి. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ఇటువంటి ప్రయోగాలను ప్రకటించాడు.

కంప్యూటరుకు ప్రోగ్రాం రాయడానికీ దీనికీ సంబంధం ఏమిటి? చూద్దాం.

'క' అనే గడిలో 5, 'చ' అనే గడిలో 7 ఉన్నాయి. వాటిని తారుమారు చేయాలి. మా తరగతిలో చాలామంది వెంటనే ఇలా రాస్తారు:

1. చ లోని అంకెను క లో రాయి.
2. క లోని అంకెను చ లో రాయి.

కంప్యూటరు చెప్పింది చెప్పినట్లే చేస్తుంది. మొదటి ఆజ్ఞతో క లోని 5 చెరిగిపోయి 7 వస్తుంది. రెండో ఆజ్ఞతో ఆ 7 చ లోకి పోతుంది. రెండు గడుల్లోనూ 7! మరి 5 ఏమయింది? ఒక గ్లాసులో పాలు, మరో గ్లాసులో మజ్జిగ ఉంటే, వాటిని మార్చడానికి మూడో గ్లాసు కావాలి కదా! అలాగే 5ను ముందు ఒక ఖాళీ గడిలో దాచుకోవాలి.

ఇక్కడ మెదడు మూడు పనులు చేసింది. మొదట తోచిన జవాబును ఆపుకుంది. ఏ గడిలో ఏముందో గుర్తుంచుకుంది. తప్పని తెలియగానే దారి మార్చింది. వీటినే మానసిక నియంత్రణ శక్తులు అంటారు. నుదుటి వెనుకనున్న మెదడు భాగానికి వీటిలో ముఖ్యపాత్ర ఉంది. ఇరవై ఏళ్లు దాటాక గాని ఆ భాగం పూర్తిగా ఎదగదు. కనుక ప్రోగ్రాం తప్పితే "నాకు బుర్ర లేదు" అనుకోకండి.

ప్రోగ్రాములు రాస్తే ఈ శక్తులు వాటంతట అవే పెరుగుతాయా? 1984లో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అమెరికాలో లోగో భాష నేర్చిన పిల్లలను పరీక్షించారు. పనికి పథకం వేయడంలో వారు తక్కిన పిల్లలను మించలేదు. 2020లో ప్రకటించిన ఇటలీ పరిశోధనలో మాత్రం, కోడింగ్ పాఠాలు నేర్చిన ఒకటో తరగతి పిల్లలు పథకం వేయడంలోనూ, తొందరను ఆపుకోవడంలోనూ మెరుగయ్యారు. అంటే కంప్యూటరు ముందు కూర్చుంటే చాలదు. ఆగి ఆలోచించడం అభ్యాసం చేయాలి.

అందుకే మీటలు నొక్కకముందే కాగితంపై గడులు గీయండి. ఒక్కో ఆజ్ఞకు అంకెలు ఎలా మారుతాయో పెన్సిలుతో రాయండి. గుర్తుంచుకునే భారం కాగితం మోస్తుంది; ఆలోచన మీకు మిగులుతుంది.

మీరే చేయండి: క లోనిది చ లోకి, చ లోనిది ట లోకి, ట లోనిది క లోకి రావాలి. ఖాళీ గడి ఒక్కటే ఉంది. ఎన్ని ఆజ్ఞలు కావాలి?