మట్టి కరిగించినది, మట్టి దాచినది

దక్షిణ కొరియాలోని గ్యోంగ్జు నగరం పూర్వం సిల్లా రాజ్యానికి రాజధాని. అక్కడి దేరుంగ్‌వోన్ ఉద్యానవనంలో పచ్చిక కప్పిన 23 సమాధి దిబ్బలున్నాయి. గ్యోంగ్జు చారిత్రక ప్రాంతాలలో భాగంగా ఇవి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ఇక్కడి పెద్ద సమాధులలో పలువాటి నిర్మాణ విధానం ఒకటే. కొయ్యగదిలో శవపేటికను, కానుకలను ఉంచి, పైన గుండ్రాళ్ళు పేర్చి, ఆపై మట్టి పోసేవారు. కాలక్రమాన కొయ్య శిథిలమై రాళ్ళు లోనికి కూలేవి. సొరంగం త్రవ్వబోయిన దొంగలపై ఆ రాళ్ళే జారిపడేవి.

1973లో 12.7 మీటర్ల ఎత్తైన చోన్‌మాచోంగ్ దిబ్బను త్రవ్వగా స్వర్ణకిరీటంతోపాటు పదకొండు వేలకు పైగా వస్తువులు లభించాయి. కాని ఖననమైన వ్యక్తి దేహం మిగలలేదు. ఆమ్లగుణం గల నేలలో ఎముకలలోని కాల్షియం ఫాస్ఫేటు క్రమేణా కరిగిపోతుంది. బంగారం ఆమ్లజనితోగాని, నేలలోని బలహీన ఆమ్లాలతోగాని సంయోగం చెందదు.

అంతకంటె ఆశ్చర్యకరమైనది భూర్జవృక్షపు బెరడుపై చిత్రించిన తెల్లని అశ్వం. జీనుకు ఇరువైపులా వ్రేలాడుతూ బురదను అడ్డుకొనే పలకపైని చిత్రమది. ప్రాచీన భారతీయులు గ్రంథాలు వ్రాసిన భూర్జపత్రం కూడా ఈ జాతి వృక్షాల బెరడే. అందులోని సూబెరిన్ నీటిని చొరనివ్వదు. బెటులిన్ శిలీంధ్రాలను నిరోధిస్తుంది.

భూగర్భపు చీకటిలో పదిహేను శతాబ్దాలు నిలిచిన ఆ చిత్రానికి నేడు వెలుతురే శత్రువు. కనుకనే దానిని అరుదుగా మాత్రమే ప్రదర్శిస్తారు. త్రవ్వకం మరల చేయ వీలులేని ప్రయోగం. త్రవ్వక విడిచిన దిబ్బలు రేపటి శాస్త్రజ్ఞుల కొరకు దాచిన నిధులు.