క్రీడా పాఠం: ఎదురు డబ్బు కట్టి ఆడిన ఆట



ఈ నెల మన పిల్లల్లో చాలామంది చూడని ఒక ఆట గురించి చెప్పుకుందాం. దాని పేరు రగ్బీ లీగ్. సిడ్నీలోనో, ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోనో మీ బంధువులుంటే ఈ పేరు వినే ఉంటారు. ఆడవాళ్ళు ఈ ఆటలో తమ పోటీలను ఎలా నిలబెట్టుకున్నారన్నదే ఈ నెల పాఠం. ఇంట్లో ఆరో తరగతి దాటిన అమ్మాయి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు ఆట ఎలా ఉంటుందో చూద్దాం. జట్టుకు 13 మంది, మ్యాచ్ 80 నిమిషాలు. బంతిని చేత్తో వెనక్కే అందించాలి, పట్టుకుని ముందుకు పరుగెత్తాలి. అవతలి జట్టు మీదపడి పట్టేస్తుంది. మన కబడ్డీలో పట్టుబడితే రైడర్ అవుట్. ఇక్కడ అవుట్ ఉండదు. పడిపోయినవాళ్ళు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తే ఆట మళ్ళీ మొదలవుతుంది. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్ళది. ఆలోగా గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ‘ట్రై’ అంటారు, 4 పాయింట్లు వస్తాయి.

ఈ ఆట పుట్టిందే కూలి డబ్బుల గొడవలో. ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవాళ్ళలో చాలామంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవారు. శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం తాము ఇస్తామని క్లబ్బులు అన్నాయి. డబ్బు ముట్టితే అది అమెచ్యూర్ ఆట కాదని రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. ఈ కూలి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ఆడవాళ్ళ సంగతి. 1921 సెప్టెంబరులో సిడ్నీలో రెండు మహిళా జట్లు తలపడ్డాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు 20 వేలకు పైనే. మ్యాగీ మలోనీ అనే అమ్మాయి ఒక్కతే నాలుగు ట్రైలు చేసింది. అంత జనం వచ్చాక ఆట నిలబడిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నిలబడలేదు. అక్కడ ఆటను నడిపే సంఘం వాళ్ళ వెనక నిలబడలేదు. మైదానం లేక, అండ లేక ఆ ఉత్సాహం చల్లారిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ళను తన మైదానాల్లోకే రానివ్వనంది. ఆడవాళ్ళకు బలం చాలదనీ, వాళ్ళ ఆట ఎవరూ చూడరనీ మనం తేలిగ్గా అనేస్తుంటాం. జనం వచ్చారు కదా!

తర్వాత అరవై ఏళ్ళు దాటాయి. 1985లో ఇంగ్లండ్‌లో మహిళల అమెచ్యూర్ రగ్బీ లీగ్ సంఘం ఏర్పడింది. 20 వేల ప్రేక్షకులేమీ లేరు. కానీ సిడ్నీ అమ్మాయిలకు దొరకనిది వీళ్ళు ఏర్పరచుకున్నారు: తమ సొంత సంఘం, ఏటేటా జరిగే పోటీలు. ఒక్క గొప్ప మ్యాచ్ కన్నా వచ్చే వారం కూడా మ్యాచ్ ఉందన్న నమ్మకమే ఆటను బతికిస్తుందని నా అభిప్రాయం. 1996లో గ్రేట్ బ్రిటన్ మహిళా జట్టు మొదటిసారి ఆస్ట్రేలియా వెళ్ళింది. ఖర్చుల డబ్బు క్రీడాకారిణులే కూడబెట్టుకున్నారు. వెళ్ళి ఊరికే తిరిగి రాలేదు, సిరీస్‌ను 2-1తో గెలిచి వచ్చారు. 2000లో మహిళల ప్రపంచ కప్ మొదలైంది. 2017లో నాలుగు జట్లతో ఇంగ్లండ్‌లో మహిళల సూపర్ లీగ్ వచ్చింది. 2023 ఆగస్టులో మహిళల చాలెంజ్ కప్ ఫైనల్ మొదటిసారి వెంబ్లీ స్టేడియంలో జరిగితే సెయింట్ హెలెన్స్ 22-8తో లీడ్స్‌ను ఓడించింది.

ఇప్పుడు ఆ కూలి సంగతి. లీడ్స్, యార్క్ క్లబ్బులు తమ మహిళా జట్లకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది 2023 సీజన్‌లో. మగవాళ్ళ కూలి కోసం 1895లో ఒక ఆటే రెండుగా చీలింది. ఆడవాళ్ళకు అదే మాట దక్కడానికి 128 ఏళ్ళు పట్టింది. అంతవరకు పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు, ప్రయాణానికి సొంత డబ్బు.

ఇంకో విషయం మీతో ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో చిన్నప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే జట్టులో ఆడతారు. పన్నెండేళ్ళు వచ్చేసరికి విడదీస్తారు. దగ్గర్లో అమ్మాయిల జట్టు ఉంటే ఆ పిల్ల ఆడుతుంది, లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. మన గ్రౌండ్‌లో కూడా నేను చూసేది ఆ వయసే. ఏడో తరగతి దాకా ఖోఖోలో అందరికన్నా ముందు పరుగెత్తిన అమ్మాయి, ఎనిమిదిలో ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరగానే “సార్, ఇంట్లో వద్దన్నారు” అని వచ్చి చెబుతుంది. అబ్బాయిలు ఆ మాట చెప్పడం చాలా తక్కువ. మార్కుల గురించి మీ ఆందోళన నాకు తెలుసు, నేనూ తండ్రినే. అయినా వారానికి రెండు పీరియడ్లు ఆపేముందు ఆ అమ్మాయిని ఒక్కసారి అడగండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను కూడా కలవండి, టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

పిల్లలకు ఒక లెక్క: 1921లో ట్రైకి 3 పాయింట్లే ఇచ్చేవారు. మ్యాగీ ట్రైలకు ఆ రోజు ఎన్ని పాయింట్లు వచ్చాయి? ఇప్పుడైతే ఎన్ని వచ్చేవి? జవాబు డైరీలో రాసి, మీ సంతకంతో సోమవారం పంపండి.