జీపు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?

మన ఏజెన్సీలో జీపు ఎక్కనివారు ఉండరు. సంతకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా జీపే దిక్కు. "అన్నా, ఈ జీపు మైలేజీ ఎంత?" అని డ్రైవరన్నను అడిగి చూడండి. "ఏ రోడ్డు మీద?" అని తిరిగి మనల్నే అడుగుతాడు. అతని మాటలో పెద్ద భౌతికశాస్త్ర పాఠమే ఉంది. ఈ వారం అది తెలుసుకుందాం.

జీపు ఎందుకు పుట్టింది?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941 నుండి అమెరికా సైన్యం కోసం విల్లీస్ జీపులు వేలకు వేలు తయారయ్యాయి. మన దేశంలో మహీంద్రావారు 1947లో ఈ జీపుల విడిభాగాలను బిగించి అమ్మడం మొదలుపెట్టారు. బురదలో, ఇసుకలో, గుంటల్లో ఆగకుండా పోవడమే ఈ బండి పని. డీజిల్ పొదుపు చేయడం కోసం పుట్టిన బండి కాదిది. ఎత్తుగా, డబ్బాలాగా ఉంటుంది. బరువెక్కువ, టైర్లు లావు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే బండిలో ముందు వైపు కూడా అదనంగా గేర్లు, ఇరుసు తిరగాలి. ఇవన్నీ డీజిల్ తాగేవే.

లీటరు డీజిల్‌లో ఎంత శక్తి?

లీటరు డీజిల్ మండితే సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ళ శక్తి వస్తుంది. అందులో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా వేడిగా పోతుంది. చక్రాల దాకా చేరేది ఇంచుమించు నాలుగో వంతు, అంటే 90 లక్షల జౌళ్ళు. బండి నడిచేది దీనితోనే. ఈ 90 లక్షలను గుర్తుపెట్టుకోండి.

నేల ఎంత లాక్కుంటుంది?

జనంతో కలిపి జీపు బరువు 2000 కిలోలు అనుకుందాం. చక్రం దొర్లేటప్పుడు నేల దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. దీన్నే దొర్లుడు ఘర్షణ అంటాం. మంచి తారురోడ్డు మీద ఇది సుమారు 300 న్యూటన్లు. మెత్తటి బురద బాటలో 1600 న్యూటన్ల దాకా పోతుంది. పని = బలం × దూరం కదా! గాలి సంగతి వదిలేసి లెక్క వేస్తే:

తారురోడ్డు మీద: 90,00,000 ÷ 300 = 30,000 మీటర్లు, అంటే 30 కి.మీ.

బురదలో: 90,00,000 ÷ 1600 = 5,625 మీటర్లు, అంటే అయిదున్నర కి.మీ. పైచిలుకు.

అదే జీపు, అదే డీజిల్. నేల మారేసరికి అయిదో వంతుకు పడిపోయింది. ఇక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే డీజిల్ మండుతూనే ఉంటుంది, దూరం మాత్రం సున్నా.

తారురోడ్డు మీద గాలి అడ్డు కూడా ఉంది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే పైన వచ్చిన 30 కి.మీ. నిజంగా రావు. పాత జీపుకు మైదానంలో 12 వస్తే మంచిదే అనుకోవాలి.

ఘాట్ ఎక్కితే?

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం పాడేరు. అది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మైదానం నుండి ఘాట్ రోడ్డులో మన జీపు 800 మీటర్ల ఎత్తు ఎక్కిందనుకోండి. స్థితిజశక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు.

2000 × 10 × 800 = 1,60,00,000 జౌళ్ళు.

దీన్ని 90 లక్షలతో భాగిస్తే పావు తక్కువ రెండు లీటర్లు వస్తుంది. ఇది కేవలం ఎత్తు ఎక్కడానికే. దారి 24 కి.మీ. అయితే లీటరుకు 12 చొప్పున దూరానికి 2 లీటర్లు. మొత్తం మూడు ముప్పావు. అంటే లీటరుకు ఆరున్నర కూడా రాలేదు!

దిగేటప్పుడు డీజిల్ తక్కువే పడుతుంది. కానీ కొందరు పొదుపు కోసమని గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగుతారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి, పట్టు తప్పుతాయి. పైగా గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఇంజను దాదాపు డీజిల్ తీసుకోదు. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండడానికి కొంత మండుతూనే ఉంటుంది. పొదుపూ లేదు, భద్రతా లేదు.

ఈ లెక్క ఎవరికి కావాలి?

రాత్రిపూట లోపలి ఊరిలో ఒక తల్లికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి దగ్గర నుండి జీపు బయలుదేరాలి. 10 కి.మీ. తారు, 8 కి.మీ. బురద. రానుపోను 36 కి.మీ. "లీటరుకు 12, మూడు లీటర్లుంటే చాలు" అని బయలుదేరితే ఏమవుతుంది?

బురదలో లోగేరు మీద లీటరుకు 4 కి.మీ. అనుకుందాం. పోయేటప్పుడు తారు మీద 0.83 లీటరు, బురదలో 2 లీటర్లు. మొత్తం 2.83. ఊరు చేరేసరికి మిగిలింది 0.17 లీటరు. తల్లిని ఎక్కించుకొని కిలోమీటరు కూడా రాకముందే జీపు చీకట్లో ఆగిపోతుంది. సీసాలో డీజిల్ తెచ్చి పోసినా చాలాసార్లు వెంటనే స్టార్టవదు. పైపుల్లో చేరిన గాలిని తీసేయాలి. నిజానికి ఆ రాత్రికి కావలసింది 5.67 లీటర్లు. దారిలో ఇరుక్కుపోతే అనుకొని మూడోవంతు కలుపుకుంటే ఏడున్నర.

కాబట్టి బండి కంపెనీ చెప్పే మైలేజీ పట్టుకొని అడవి దారికి పోకూడదు. ఆ పరీక్షలో బండిని రోలర్ల మీద ఉంచి నడుపుతారు. అక్కడ బురద లేదు, ఘాట్ లేదు. మన దారికి మన లెక్క మనమే వేసుకోవాలి: తారు ఎంత, బురద ఎంత, ఎత్తు ఎంత, మనుషులెందరు.

చేసి చూడండి

1. మీ ఊరి జీపన్నను అడిగి, ట్యాంకు నిండా పోయించిన రోజు మీటరు రీడింగు రాసుకోండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో, నడిచిన కిలోమీటర్లను భాగించండి. ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి చేసి పోల్చండి.

2. ఒక ఊరికి 6 కి.మీ. తారు, 10 కి.మీ. బురద దారి. రానుపోను ఎన్ని లీటర్లు కావాలి? మూడోవంతు అదనంగా కలిపితే ఎంత?

రెండో లెక్క జవాబు కాగితం మీద రాసి సైన్సు మాస్టారికి ఇవ్వండి. సరిగా చేసినవారి పేర్లు వచ్చే సంచికలో.